మా ముందు గదికి నాలుగు దిక్కులు

తప్పు నాదే. ఎవరూ మా ఇంటికి వచ్చి అడగలేదు. నేనే పనిగట్టుకు వెళ్లి చెప్పి వచ్చాను.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక భయం. ఏ పని చేసినా రేపెవడో వచ్చి "ఎవర్నడిగి చేశారు?" అంటాడేమోనని. అందుకని ముందే వెళ్లి అడిగి, కాగితం మీద ముద్ర వేయించుకుని, బీరువాలో చీరల కింద దాచుకుంటే గానీ నాకు అన్నం సయించదు. మేడ మీద తులసి కుండీ పెట్టినప్పుడు కూడా అడిగాను. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని, ముద్ర పడిన కాగితమంటే నాకు గురి.

మా ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇరవై రెండేళ్లు అద్దె ఇళ్లలో తిరిగి, నాలుగేళ్ల కిందట ఈ మూడు గదుల ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడు "ఇక మమ్మల్ని ఈ ఇంట్లోంచి ఎవరూ ఖాళీ చెయ్యమనరు కదండీ?" అని పురోహితుడిని మూడుసార్లు అడిగాను. "అనరమ్మా" అన్నాడాయన. పాపం, ఆయనకేం తెలుసు?

మా అమ్మాయి ప్రత్యూష కట్టుడు పళ్లు తయారుచేస్తుంది. పళ్ల డాక్టర్లు అచ్చులు పంపితే, రోజంతా మెడ వంచుకుని కూర్చుని ఎవరెవరి నోళ్లకో నవ్వులు అమర్చి పంపుతుంది. సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని, ముందు గదిలో సోఫాకి సరిగ్గా మధ్యలో కూర్చుని, యాభై ఏళ్ల నాటి ఇంగ్లీషు పాటల ఆల్బం ఒకటి పెట్టుకుంటుంది. రాక్ అంటారట. అట్ట మీద ఎప్పుడు చూసినా నలుగురు జులపాల వాళ్లు, తిండి తిని వారమైనట్టు నిలబడి ఉంటారు.

ఆ పాటలు ఒక్క పక్క నుంచి వింటే సరిపోదట. ముందు రెండు స్పీకర్లు, వాటి మధ్య చిన్నదొకటి, సోఫా వెనక గోడకి రెండు, మూలన గుబగుబలాడే పెద్ద డబ్బా ఒకటి, మొత్తం ఆరు. మొదటి రోజు నేను వంటింట్లోంచి వస్తుంటే వెనక గోడలోంచి ఎవరో తలుపు బాదినట్టు డోలు మోగింది. దొంగలనుకుని అట్లకాడ ఎత్తాను.

"డ్రమ్స్ అమ్మా" అంది ప్రత్యూష, కళ్లు మూసుకునే.

ఆ తర్వాత పాట అందుకున్నవాడి గొంతు వింటే నా కడుపు తరుక్కుపోయింది. "ఆ అబ్బాయికి ఏమైందే? డాక్టరుకి చూపించారా?"

"ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు."

"అయితే తగ్గిందన్నమాట" అని కుదుటపడ్డాను.

మా ఆయనకి మాత్రం ఆ మూల డబ్బా బాగా నచ్చింది. ముప్పై ఏళ్లు బస్సు ఇంజను పక్కన నిలబడ్డ మనిషి. అది గుబగుబమనగానే కుర్చీలో నిద్రపోతారు. ఆగగానే లేచి "స్టాండొచ్చిందా?" అంటారు.

దసరాకి ఆయుధ పూజ చేసి, ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టాను. ఆరు స్పీకర్లకీ పెట్టాను. పెట్టిన మర్నాటి నుంచీ భయం మొదలైంది. ఇన్ని డబ్బాలు పెట్టుకోవడానికి పర్మిషన్ కావాలేమో! లేదని తెలిస్తే పిల్లని స్టేషనుకి పిలుస్తారేమో!

"అమ్మా, మన ఇంట్లో మనం పాటలు వినడానికి పర్మిషనేంటి?" అంది ప్రత్యూష.

అది పనిలో ఉండగా చీర మార్చుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాను.

కౌంటర్లో అమ్మాయి మంచిది. "అక్కర్లేదమ్మా, వినుకోండి" అంది.

"అక్కర్లేదని రాసివ్వు తల్లీ."

"అక్కర్లేదని రాయడానికి ఫారం లేదమ్మా."

"మరి రేపెవరైనా అడిగితే?"

ఆ అమ్మాయి నిట్టూర్చి, "తొమ్మిదో నంబరు గదిలో కనుక్కోండి" అంది. ఆ మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది.

తొమ్మిదో నంబరు గది వినోద ప్రదర్శనశాలల విభాగం. పదకొండు మంది ఉద్యోగులు, పదకొండు కుర్చీలు, పదకొండు టీ గ్లాసులు. తనిఖీ చెయ్యడానికి ఒక్క హాలు లేదు. ఊళ్లో సినిమా హాళ్లు ఒకటొకటిగా కల్యాణ మండపాలైపోయాయి. మిగిలిన పాత టాకీసు మూతపడి ఏడేళ్లయింది. అయినా హాలు హాలే కాబట్టి తాళాన్ని తనిఖీ చేసి వచ్చేవారట. గడిచిన నెల కొత్త ఉత్తర్వు ఒకటి వచ్చింది. నాలుగు దిక్కుల నుంచి శబ్దం వచ్చేది ప్రదర్శనశాల, ఒకే దిక్కు నుంచి వచ్చేది గృహము అని. టాకీసులో తెర వెనక స్పీకర్లు రెండు తప్ప మిగతావన్నీ ఎలుకలు తినేశాయి. రూలు ప్రకారం టాకీసుని గృహముగా ప్రకటించేశారు. దాంతో విభాగానికి ఆ ఒక్క ఆధారం కూడా పోయింది. ఎత్తేస్తారన్న మాట వినబడుతోంది.

అలాంటి సమయంలో నేను వెళ్లి, "అయ్యా, మా ముందు గదిలో నాలుగు దిక్కుల నుంచీ శబ్దం వస్తుంది" అన్నాను.

పదకొండు మందీ లేచి నిలబడ్డారు. ఒకాయన కుర్చీ తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. నా పెళ్లిలో కూడా నాకంత మర్యాద జరగలేదు.

మర్నాడు సాయంత్రం పర్యవేక్షకులు కోదండపాణి గారు వచ్చారు. చెప్పులు గుమ్మం దగ్గర విప్పి, దిక్సూచి జేబులోంచి తీసి, సోఫా మధ్యలో కూర్చున్నారు.

"సదరు సంగీతమును ప్రారంభించవలసినది" అన్నారు.

ప్రత్యూష నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. వెళ్లి ఆల్బం పెట్టింది. డోలు ఎడమ పక్క మొదలై, తల చుట్టూ తిరిగి, వెనక కుడి మూలకి పోయింది. కోదండపాణి గారు దానితో పాటే సోఫాలో గుండ్రంగా తిరిగి, "ఎవరది?" అన్నారు భయపడిపోయి.

"ఎవరూ లేరండీ. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. కాసిని మంచినీళ్లు తాగండి" అన్నాను.

"ఆగ్నేయము, నైరుతి, వాయవ్యము, ఈశాన్యము. నాలుగునూ నిర్ధారణ అయినవి" అని రాసుకున్నారు. తర్వాత లేచి పరికరాలు లెక్కపెట్టసాగారు. ఆయనకి స్పీకరంటే ఏమిటో తెలియదు. టాకీసుల్లో అవి తెర వెనక ఉంటాయి కదా, ఎప్పుడూ చూడలేదు. పైగా ఆయుధ పూజకి ఆఫీసుల్లో పనిచేసే సామానుకే బొట్టు పెడతారు, మూలపడ్డ సామానుకి పెట్టరు. ఏది పనిచేస్తోందో తెలియాలంటే ఆయన ముప్పై ఏళ్ల నుంచీ బొట్టు చూసేవారట. అదే పద్ధతిలో ఆరు స్పీకర్లూ లెక్కపెట్టి, నేరుగా వంటింట్లోకి నడిచారు.

"ఏడు" అన్నారు, గ్రైండరు చూసి.

"అది పిండి రుబ్బేదండీ."

"శబ్దము చేయునా?"

"చేస్తుందండీ."

"ఏడు" అని ఖాయం చేశారు. ఫ్రిజ్జు ఎనిమిది. వాషింగ్ మిషను తొమ్మిది. కుట్టు మిషను పది. వసారాలో మా ఆయన స్కూటరు పదకొండు. పదకొండు మంది ఉద్యోగులకి పదకొండు పరికరాలు తేలేసరికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, తమరొక విభాగమును నిలబెట్టినారు" అన్నారు.

నాలుగో రోజున తాఖీదు వచ్చింది. ప్రత్యూష చదివి వినిపించింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీ నివాసము పదకొండు పరికరములు గల ప్రదర్శనశాలగా గుర్తించబడినది. ప్రతి దినము మ్యాట్నీ, ఫస్టు షో జరుపవలెను. ప్రజలకు ప్రవేశము నిరాకరించరాదు. స్త్రీలకు ప్రత్యేక వరుస ఏర్పాటు చేయవలెను. విశ్రాంతి ఇవ్వవలెను. బయటి తినుబండారములు లోనికి అనుమతించరాదు. ప్రదర్శనశాల యందు కాపురముండుట నిషిద్ధము. పదిహేను దినములలో ఖాళీ చేయవలెను."

చివరి వాక్యం మళ్లీ చదివించుకున్నాను. ఇరవై రెండేళ్లు విన్న మాట. ఇంటి ఓనర్లందరి గొంతుల్లోనూ విన్న మాట. ఇప్పుడు నా ఇంట్లోనే విన్నాను.

"కాగితం కావాలన్నావుగా, వచ్చింది. చీరల కింద పెట్టుకో" అన్నారు మా ఆయన.

పరుగున వెళ్లి కోదండపాణి గారిని పట్టుకున్నాను. "ఆ డబ్బాలన్నీ పీకేస్తాం బాబూ, మా ఇల్లు మాకిచ్చెయ్యండి."

"నడుచుచున్న ప్రదర్శనశాలను నిలిపివేయుట ప్రజల వినోదమునకు భంగము కలిగించుట యగును" అన్నారాయన, ఎంతో జాలిగా. "మూసివేతకు దరఖాస్తు చేసుకొనవచ్చును. దానికి పదేండ్లు సక్రమముగా నడిపినట్లు ధ్రువపత్రము జతపరచవలెను."

మర్నాడు మ్యాట్నీ మొదలైంది. మా వీధి వాళ్లు వస్తారని నేననుకోలేదు. ఊరికే ఫ్యాను కింద కూర్చోవచ్చని నలభై మంది వచ్చారు. పక్కింటి తాయారు వదిన అందరికంటే ముందొచ్చి సోఫాలో కూర్చుంది.

"బొమ్మేదీ వదినా?" అంది.

"బొమ్మ లేదు వదినా, పాటలే."

"మరి ఎటు చూడాలి?"

నేను కోదండపాణి గారి వైపు చూశాను. ఆయన పుస్తకం తిరగేసి, "తెర లేనందున ప్రేక్షకులు ఎదుటి గోడను చూడవలెను" అని నిర్ణయించారు. ఎదుటి గోడకి మా కేలండరు ఉంది. నలభై మందీ గంటసేపు ఆ నెలలో ఏకాదశి ఎప్పుడో, గ్యాసు ఎప్పుడు బుక్ చేశామో చూస్తూ కూర్చున్నారు. సరిగ్గా సగంలో, ఆ జులపాల ఆయన ప్రాణం పోయేలా అరుస్తుండగా, కోదండపాణి గారు ఈల వేసి విశ్రాంతి ఇప్పించారు. ప్రత్యూష మొహం చూడలేకపోయాను. గుడిలో హారతి ఇస్తుండగా దీపం ఊదేసినట్టు అయిపోయింది దానికి.

ఆ రోజు నుంచి ఆడవాళ్ల వరుస నాది, పాటల మిషను ప్రత్యూషది. గుమ్మం దగ్గర తొమ్మిదో గది నుంచి ఒక మనిషి నిలబడి సంచులు వెతికేవాడు. పొద్దున పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తే ఆపేశాడు.

"బయటి తినుబండారము."

"మా ఇంటికి పాలు నాయనా!"

"క్యాంటీన్లో కొనుక్కోండమ్మా."

"క్యాంటీనెక్కడుంది?"

"మీ వంటింట్లో."

"అక్కడ పాలు లేవనే కదా తెచ్చుకుంటున్నా?"

"అది క్యాంటీను వారు చూసుకోవాలి. మీరే కదా క్యాంటీను వారు?" అన్నాడు. అతను ఎగతాళి చెయ్యడం లేదు. నిజంగానే అడిగాడు. తాయారు వదిన వాళ్ల గోడ మీదుగా కూరగాయలు విసిరితే మేము పట్టుకునేవాళ్లం. నాకు సొరకాయ నెత్తిన పడి ఏమవుతుందోనని భయం.

పదిహేను రోజులు దగ్గరపడ్డాయి. ముగ్గురం కమిషనరు గారి దగ్గరికి వెళ్లాం. పెద్దాయన, ఓపిగ్గా విన్నారు.

"మేము ఎక్కడ పడుకోవాలి సార్?" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన ఉత్తర్వు తెప్పించి చూశారు. "ప్రదర్శనశాల యందు నిద్రించుట ప్రేక్షకులకు మాత్రమే అనుమతించబడినది. అదియు ప్రదర్శన జరుగు సమయమున."

"అయితే నాకు ఇబ్బంది లేదు" అన్నారు మా ఆయన. చెయ్యి మీద గిల్లాను.

కమిషనరు గారు ఇళ్ల రిజిస్టరు తిరగేశారు. ఆయన మొహం వెలిగింది. "ప్రభుత్వము ఎవరినీ వీధిన పడవేయదమ్మా. మన పట్టణమున నివాసితులు లేని గృహమొకటి ఉన్నది. విశాలమైనది. తూర్పు ముఖము."

అలా మేము పాత టాకీసులో కాపురం పెట్టాం.

ఆరువందల పన్నెండు కుర్చీలు. పొయ్యి తెర ముందు పెట్టుకున్నాను. అన్నం వండితే ఆరువందల పన్నెండు ఖాళీ కుర్చీలు నా వైపే చూస్తుండేవి. కుక్కరు విజిలు వేస్తే బాల్కనీలోంచి పావురాలు లేచేవి. ఎలుకలు పిల్ల వేళ్లు కొరుకుతాయేమో, పళ్లు చెయ్యాల్సిన వేళ్లు కదా అని, దాని మంచం నాలుగు కాళ్లూ నీళ్ల డబ్బాల్లో పెట్టాను. మా ఆయన బాల్కనీ మొదటి వరుసలో పడక వేసుకుని, "జన్మలో మొదటిసారి బాల్కనీ" అన్నారు. ఆ సరదా కూడా రెండో రోజుకి పోయింది. మూడో రోజు పొద్దున్నే ఆయన లేచి, "స్టాండొచ్చిందా?" అన్నారు. మూల డబ్బా లేదు, పాట లేదు. ఊరికే అన్నారు. నేను తెర వెనక్కి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రోజూ మా ఇంటికి వెళ్లి మ్యాట్నీ, ఫస్టు షో నడిపి, తాళం కోదండపాణి గారి చేతిలో పెట్టి టాకీసుకి రావడం. నాలుగు వారాలు అదే ఆల్బం రోజుకి రెండుసార్లు విన్నాను. వెనక నుంచి డోలు ఎప్పుడొస్తుందో, ఎన్ని దెబ్బలో, చివరి దెబ్బ ముందు ఎంతసేపు ఆగుతుందో నాకు నోటికొచ్చేసింది. ప్రత్యూష మాత్రం వినడం మానేసింది. మిషను నొక్కి, వసారాలోకి వెళ్లి నిలబడేది.

ఒక రోజు ఫస్టు షో అయ్యాక అది కూరల సంచి బరువుగా మోసుకుంటూ టాకీసుకి వచ్చింది. గుమ్మంలో మనిషి లోపలికి వచ్చే సంచులే వెతుకుతాడు, బయటికి పోయేవి వెతకడు. సంచిలోంచి మా వెనక గోడ స్పీకర్లు రెండూ తీసింది.

"ఏమిటే ఇది? ఎవర్నడిగి తెచ్చావ్?"

"ఇక్కడ తెర వెనక రెండు ఇంకా పనిచేస్తాయి కదమ్మా. ఈ రెండూ ఆ వెనక గోడకి బిగిస్తే నాలుగు దిక్కులూ అవుతాయి. ఇది ప్రదర్శనశాల అయిపోతుంది. అక్కడ వెనక ఏమీ ఉండదు కాబట్టి అది ఇల్లు అయిపోతుంది."

"మరి నీ పాటలు?"

"ముందు నుంచి వస్తాయిలే" అంది. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు.

నిచ్చెన కదలకుండా నేను పట్టుకున్నాను. మా ఆయన టార్చి పట్టుకున్నారు. మర్నాడు నేను నా చేతులారా తడిగుడ్డ తీసుకుని, దేవుడికి దండం పెట్టుకుంటూ, మా ఇంట్లో ప్రతి యంత్రానికీ ఉన్న బొట్టు తుడిచేశాను. వెనక గోడకి బిగించిన రెండు స్పీకర్లకి టాకీసులో రూపాయి కాసంత బొట్టు పెట్టి, తెర పక్కనున్న స్తంభాలకి కూడా ఇంకో తొమ్మిది పెట్టాను. విభాగం వాళ్లకీ పిల్లలున్నారు కదా.

ఈసారి కూడా నేనే తొమ్మిదో గదికి వెళ్లాను. "అయ్యా, మేము కాపురముంటున్న చోట రాత్రీ పగలూ నాలుగు దిక్కుల నుంచీ శబ్దం వస్తోందండీ. భయంగా ఉంది. కాగితం కావాలి."

కోదండపాణి గారు వచ్చి టాకీసు మధ్య కుర్చీలో కూర్చుని, దిక్సూచి పెట్టి, ప్రత్యూష తన ఆల్బం పెడితే కళ్లు మూసుకుని విన్నారు. వెనక నుంచి డోలు రాగానే ఉలిక్కిపడి లేచారు. బొట్లు లెక్కపెట్టారు. పదకొండు.

"అమ్మా!" అన్నారు గట్టిగా. "ప్రదర్శనశాల యందు పొయ్యి వెలిగించి కాపురము చేయుచున్నారా? ఇది తీవ్రమైన ఉల్లంఘన! తక్షణము ఖాళీ చేయవలెను!"

ఇరవై రెండేళ్లలో ఎందరో ఖాళీ చెయ్యమన్నారు. ఆ మాటకి సంతోషంతో ఏడవడం అదే మొదలు.

తర్వాత మా ఇంటిని తనిఖీ చేశారు. ముందు స్పీకర్లు రెండూ ఆయన ఎదురుగా, ఆయన నడుమంత ఎత్తున నిలబడి మోగుతూనే ఉన్నాయి. బొట్టు లేదు. ఆయన వాటి పక్క నుంచే వెళ్లి, "పరికరములు లేవు. శబ్దము ఒకే దిక్కు. గృహము" అని రాసి ముద్ర వేశారు. ఆ కాగితం చీరల కింద ఉంది.

ఆ సాయంత్రం ఆరింటికి ప్రత్యూష చేతులు కడుక్కుని, చాలా రోజుల తర్వాత సోఫా మధ్యలో కూర్చుంది. పాట ముందు నుంచి వచ్చింది. మూల డబ్బా గుబగుబమంది, మా ఆయన నిద్రపోయారు. పిల్ల కళ్లు మూసుకుంది గానీ, మధ్యలో ఒకసారి తల కొంచెం వెనక్కి తిప్పింది. ఎవరో రావాల్సిన వాళ్లు రానట్టు.

పాటలో డోలు వెనక్కి తిరిగే చోటు దగ్గరపడుతోందని నాకు తెలుసు. కిటికీలు మూశాను. గొళ్లెం రెండుసార్లు చూసుకున్నాను. బియ్యం డబ్బా ఖాళీది ఒకటి, అప్పడాల కర్ర ఒకటి తెచ్చుకుని సోఫా వెనక నిలబడ్డాను. ఎడమ పక్క మొదలుపెట్టి, ఏడు దెబ్బలు, కుడి మూలకి నడుస్తూ ఇంకో నాలుగు, కాసేపు ఆగి, చివరిది గట్టిగా.

ప్రత్యూష కళ్లు తెరవలేదు. నవ్వింది. ఊరందరి నోళ్లకీ నవ్వులు చేసే పిల్ల, నెల రోజుల తర్వాత.

అప్పట్నుంచి రోజూ వాయిస్తున్నాను. చెయ్యి కుదిరింది. ఒక్కటే భయం. కోదండపాణి గారు మళ్లీ ఎప్పుడైనా తనిఖీకి వస్తే, నా నుదుట కూడా బొట్టు ఉంది.